జర్మన్ జబాన్ సర్కారీ బడికి కూడా రావాలి

బడుల్లో జర్మన్ భాష నేర్పాలా వద్దా అనే సవాల్ వచ్చినప్పుడల్లా రెండు రకాల జవాబులు వింటున్నాను. ఒకటి: "పిల్లలకు తెలుగే సరిగ్గా రావడం లేదు, ఉర్దూ చచ్చిపోతోంది, మధ్యలో ఈ జర్మన్ ఎందుకు?" రెండోది: "దునియా ఎక్కడికో పోయింది, ఇంకా ఉర్దూ, తెలుగు పట్టుకుని కూర్చుంటే రోటీ దొరుకుతుందా?" ఈ రెండూ నాకు కబూల్ కావు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గరీబు పిల్లల తరఫున నా మాట ఇది: జర్మన్ నేర్పండి, సర్కారీ బడిలోనే నేర్పండి, మాదరీ జబాన్‌ను తీసేయకుండా దాని ఆసరాతో నేర్పండి.

పాలమూరుకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా "పాలమూరు లేబర్" అనే పేరు వినిపించేది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ముంబైకి ఆర్టీసీ బస్సులు నడిచాయంటే సైర్ సపాటాల కోసం కాదు, కూలీ కోసం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలంత కాకపోయినా ఇక్కడి నుంచి గల్ఫ్ పోయినవాళ్లూ ఉన్నారు. ఈ వలసలన్నిటిలో ఒక ఐబ్ ఉంది. మనిషికి తను పోయే చోటి జబాన్ రాదు. మరాఠీ రాకుండా ముంబై పోయాడు, అరబ్బీ రాకుండా రియాద్ పోయాడు. పని అయితే దొరుకుతుంది. కానీ ఆ పని మేస్త్రీ మెహర్బానీ మీద, ఏజెంటు మెహర్బానీ మీద నడుస్తుంది. జీతం ఎంత, పని గంటలు ఎన్ని, సెలవు ఎప్పుడు అన్నది కరారునామాలో రాసి ఉంటుంది. అతను దాని కింద దస్తఖత్ పెడతాడు, చదవలేడు. చిన్నప్పుడు మక్తబ్‌లో ఖుర్ఆన్ ఖతం చేసిన మా పిల్లవాడు కూడా ఆ కాగితం చదివి అర్థం చేసుకోలేడు. మేము నేర్చింది తిలావత్. అరబ్బీ భాష మాకు ఎవరూ నేర్పలేదు.

జర్మనీ కాయిదా దీనికి ఉల్టా. అక్కడ జబాన్ ముందు, పని తర్వాత. భాషకు ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు పెట్టారు. అక్కడ పని నేర్చుకుంటూ జీతం తీసుకునే "ఔస్‌బిల్డుంగ్" అనే శిక్షణలో చేరాలంటే సాధారణంగా బి1 కావాలి. నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 కావాలి. హునర్ ఉన్న భారతీయులకు ఇచ్చే వీసాలను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబర్‌లో ప్రకటన వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ శిక్షణ ఇచ్చి పంపే పనిలో ఉంది. అంటే దర్వాజా తెరిచే ఉంది, తాళంచెవి మాత్రం భాష. మంచి సంగతేమిటంటే, ఆ భాష వచ్చినవాడు కరారునామా తనే చదువుకుంటాడు. అన్యాయం జరిగితే ఎక్కడికి పోయి షికాయత్ చేయాలో అతనికి తెలుస్తుంది. ఏజెంటు దయ మీద బతకాల్సిన పని లేదు.

మరి ఆ తాళంచెవి ఎవరి చేతికి వస్తోంది? మిర్యాలగూడ వైపు ఒక అమ్మాయి నాకు తెలుసు. నర్సింగ్ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో డ్యూటీ చేస్తూ, డ్యూటీ అయ్యాక జర్మన్ క్లాసుకు పోతోంది. హాస్టల్ ఖర్చు, క్లాసు ఫీజు, పరీక్ష ఫీజు, ఫెయిలైతే మళ్లీ పరీక్ష ఫీజు. ఇంటికి పంపాల్సిన జీతం అంతా అందులోనే పోతోంది. "చాచా, ఇవే ముక్కలు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోయేదాన్ని" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. హైదరాబాద్‌లో ఫీజు ఎక్కువ ఉన్న బడుల్లో పిల్లలు ఆరో తరగతిలోనే ఫ్రెంచా, జర్మనా, స్పానిషా అని ఎంచుకుంటారు. అవసరం లేనివాడికి పదకొండేళ్లకే దొరికింది. అవసరం ఉన్న పిల్లకు ఇరవై రెండేళ్లు దాటాక, అప్పు చేస్తే దొరికింది. ఇదీ మన తాలీంలోని ఇన్సాఫ్.

జాతీయ విద్యా విధానం 2020 చూడండి. సెకండరీ స్థాయిలో విదేశీ భాషలు నేర్పవచ్చని చెప్పి కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ పేర్లు రాసింది. లక్షల మంది మనవాళ్లకు రోజీ ఇచ్చిన గల్ఫ్ దేశాల భాష అరబ్బీ పేరు అందులో లేదు. అది వేరే షికాయత్, మరోసారి రాస్తాను. జర్మన్ పేరు మాత్రం ఉంది. అంటే కాయిదా ప్రకారం అడ్డు లేదు. ఉన్న అడ్డంకులు పంతులు, పైసలు, నియ్యత్.

నియ్యత్ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో 2014లో చూశాం. 2011లో కేంద్రీయ విద్యాలయాల సంఘటన్, గోథే ఇన్‌స్టిట్యూట్ ఒప్పందం చేసుకున్నాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు జర్మన్‌ను మూడో భాషగా చదివే వీలు కలిగింది. దేశమంతటా సుమారు 70 వేల మంది పిల్లలు చేరారు. 2014లో, చదువు సంవత్సరం సగంలో ఉండగా, స్మృతి ఇరానీ మంత్రిగా ఉన్న మానవ వనరుల శాఖ దాన్ని ఆపి, ఆ చోట సంస్కృతం లేదా మరో భారతీయ భాష చదవాలంది. మా అమ్మానాన్నలు ఒకటి ఎంచుకుంటే మీరు మరొకటి పెడతారా అని గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. బ్రిస్బేన్‌లో జీ20 సమావేశానికి వచ్చిన జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ కూడా మన ప్రధాని దగ్గర ఈ మాట ఎత్తారు. చివరికి జర్మన్ అదనపు ఐచ్ఛిక భాషగా మిగిలింది.

మూడో భాష భారతీయ భాష కావాలనే వాదనలో తప్పేమీ లేదు, నేను కూడా దాన్ని ఒప్పుకుంటాను. తప్పు జరిగింది మరో చోట. ఒప్పందం చేసుకునే రోజునే ఆ సంగతి ఆలోచించలేదు. ఆపేటప్పుడు పిల్లల ఏడాది గురించీ ఆలోచించలేదు. సంస్కృతం జెండా ఒకరు పట్టుకున్నారు, జర్మన్ జెండా మరొకరు పట్టుకున్నారు. 12 ఏళ్ల పిల్లవాడు మాత్రం నవంబర్‌లో పుస్తకం మార్చుకున్నాడు. మన రాష్ట్రంలో ఇలాంటి పని మొదలుపెడితే ముందే తేల్చుకోవాలి: జర్మన్ ఏ భాష చోటులోకీ రాకూడదు. ఇక్కడ 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఈ రెండిటినీ ముట్టుకోకుండా, ఇష్టమైన పిల్లలకు అదనంగా జర్మన్ పెట్టాలి.

"అదనపు బోఝ్ కాదా?" అంటారు. ఉర్దూ మీడియం పిల్ల ఇప్పటికే ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మోస్తోంది, నిజమే. కానీ జర్మన్ అంటే భయపెట్టేవాళ్లు దాన్ని ఇంగ్లీషు కళ్లతో చూస్తారు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి వింతగా కనిపించేవి చాలా మన పిల్లలకు ఇంట్లో సామానే. "ఖుదా", "ఖబర్" అనేటప్పుడు గొంతులోంచి వచ్చే ఖ ఉంది కదా, జర్మన్‌లో పుస్తకాన్ని "బూఖ్" అంటారు, చివర దాదాపు అదే ఖ. ఉర్దూలో ప్రతి వస్తువూ ముజక్కరో మోఅన్నసో అయి ఉంటుంది: కలం అచ్ఛా, కితాబ్ అచ్ఛీ. జర్మన్‌లో ఈ రెండూ కాక మూడోది నపుంసక లింగం. ఏ మాటది ఏ లింగమో కొత్తగా కంఠతా పట్టాల్సిందే, కానీ ప్రాణం లేని వస్తువుకు లింగం ఏమిటని మన పిల్ల బెదిరిపోదు. జర్మన్‌లో ఆడపిల్ల అనే మాట "మేట్‌షెన్" నపుంసక లింగం. నవ్వొస్తుంది గానీ, మన తెలుగులో మాత్రం? అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. రెండిటికీ క్రియ ఒకటే.

"వాడు రేపు వస్తాడని నాకు తెలుసు" అనే వాక్యంలో జర్మన్ వాళ్లు "వాడు రేపు వస్తాడు" అన్న ముక్కలో క్రియను చివరికి తోస్తారు. ఇంగ్లీషువాడికి అది తలనొప్పి. తెలుగులో, ఉర్దూలో క్రియ కూర్చునే చోటే అది. ఆస్పత్రిని జర్మన్‌లో "క్రాంకెన్‌హౌస్" అంటారు, రోగుల ఇల్లు అని అర్థం. మన దవాఖానా ఏమిటి? దవా, ఖానా: మందుల ఇల్లు. కాబట్టి జర్మన్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్పితే బోఝ్ రెట్టింపు. ఉర్దూ ద్వారా, తెలుగు ద్వారా నేర్పితే సగమవుతుంది.

ఇది ఖయాలీ పులావ్ కాదు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూను చదువు భాషగా పెట్టుకుని పుట్టింది. అక్కడ చదివిన హైదరాబాదీ ముహమ్మద్ హమీదుల్లా 1930ల్లో జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడి ఖుర్ఆన్‌ను ఫ్రెంచ్‌లోకి అనువదించారు. హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లిన్‌లో డాక్టరేట్ తీసుకుని, తర్వాత ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యారు. బెర్లిన్‌లో ఉన్న రోజుల్లోనే ఆయన గాలిబ్ దీవాన్‌ను అచ్చు వేయించారు. పరాయి జబాన్ నేర్చినందుకు వీళ్లు తమ జబాన్‌ను వదలలేదు. తమ జబాన్ గట్టిగా ఉన్నవాళ్లే మరో జబాన్‌ను గట్టిగా పట్టుకున్నారు.

ఒక ఖత్రా మాత్రం ఉంది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, వందకు తొంభై పైన తెచ్చుకుని, రెండేళ్ల తర్వాత ఆ భాషలో ఒక్క వాక్యం చెప్పలేని పిల్లలు ఇంటింటా ఉన్నారు. అందులో ఆ భాషకు ఇజ్జత్ లేదు, పిల్లలకు ఫాయిదా లేదు. జర్మన్‌ను కూడా స్కోరింగ్ సబ్జెక్టు చేస్తే అదే గతి. వీసా అధికారి మార్కుల మెమో చూసి ఊరుకోడు, మాట్లాడమంటాడు.

లెక్క చూద్దాం. ఏ2 మెట్టు ఎక్కడానికి 45 నిమిషాల పాఠాలు 200 నుంచి 350 దాకా కావాలని గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో వారానికి మూడు పీరియడ్లు పెడితే, ఏడాదికి 35 వారాల చొప్పున మూడేళ్లకు 315 పాఠాలు. పరీక్షలకు, సెలవులకు కొన్ని పోయినా పదో తరగతి పూర్తయ్యే నాటికి పిల్ల ఏ2 దగ్గర ఉంటుంది. ఇంటర్‌లో, నర్సింగ్‌లో, ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో అదే కొనసాగిస్తే బి1, బి2 కోసం హైదరాబాద్‌లో ఏడాది ఖర్చు పెట్టాల్సిన పని తగ్గుతుంది. పదో తరగతి ఏ2 పరీక్ష ఫీజు సర్కారే కట్టాలి. బడి ఇచ్చే మార్కుల కంటే ఆ సర్టిఫికెట్‌కే విలువ.

"పంతుళ్లు ఎక్కడ దొరుకుతారు?" ఇది అసలైన సవాల్. ఉర్దూ మీడియం పోస్టుల్లో రోస్టర్‌లో ఇరుక్కుని, అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోయినవి ఉన్నాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాం. ఆ ఖాళీలు నింపకుండా జర్మన్ పంతులును తెస్తామంటే నేనే ముందుగా ఎదురు నిలబడతాను. రెండూ కలిపి చేయాలి. హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది, అందులో జర్మన్ విభాగం ఉంది. గోథే జెంట్రుమ్ ఉంది. నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా అక్కడికి వంద కిలోమీటర్ల దూరమే. ఈ జిల్లాల్లో ఇప్పటికే పనిచేస్తున్న ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పంతుళ్లలో ఇష్టమున్నవాళ్లను జీతంతో అక్కడికి పంపి, బి2 దాకా నేర్పించి, వాపసు తెచ్చుకోవాలి. ఏడాది కాంట్రాక్టు మీద ఎవరినో తెచ్చి, ఏడాది తర్వాత క్లాసు మూసేస్తే అది 2014 కంటే పెద్ద ధోకా. మొదట జిల్లాకు నాలుగైదు బడులు చాలు. మైనారిటీ గురుకులాల్లో, బీసీ, ఎస్సీ, ఎస్టీ గురుకులాల్లో మొదలుపెట్టండి. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి సాయంత్రం మాట్లాడే అభ్యాసం కూడా నడుస్తుంది.

"పిల్లలంతా జర్మనీ పోతే మన జిల్లాల సంగతేంటి?" అని బాధపడేవాళ్లకు నా జవాబు: పిల్లలు ఇప్పటికే పోతున్నారు. పోకుండా ఆపాలంటే ఇక్కడ నీళ్లు, నౌకరీలు కావాలి, దాని కోసం వేరే లడాయి చేద్దాం. పోయేవాళ్లు తలవంచుకుని పోవాలా, దస్తావేజు చదువుకుని పోవాలా అన్నదే ఇక్కడి మాట. జర్మన్ నేర్చిన ప్రతి పిల్లా పోదు కూడా. కొందరు ఇక్కడే పంతుళ్లవుతారు, కొందరు హైదరాబాద్‌లోని జర్మన్ కంపెనీల్లో చేరతారు.

ఈ బ్లాగు చదివే అమ్మానాన్నలకు, ఉస్తాదులకు నా మష్వరా ఇది. వచ్చే పేరెంట్స్ మీటింగులో రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకటి, ఖాళీగా ఉన్న ఉర్దూ, తెలుగు పోస్టులు నింపమని. రెండోది, ఎనిమిదో తరగతి నుంచి జర్మన్ పెట్టమని. రెండూ ఒకే రోజు, ఒకే సంతకాలతో ఇవ్వండి. మొదటిది లేకుండా రెండోది ఇస్తే మీ పిల్ల పునాది లేని ఇంట్లో ఉంటుంది. మొదటిది మాత్రమే ఇస్తే మన పిల్లలు గేటు బయటే నిలబడి ఉంటారు.