కారణం చెప్పని ఖాతా

అక్కయ్యను చూసి చాలా రోజులైందని రెండు నెలల క్రిందట మణుగూరు వెళ్ళాను. ఇది బొగ్గు పండే నేల అని ఆ వూళ్ళో రైలు దిగగానే తెలిసిపోతుంది. చెట్ల ఆకులమీద సన్నని నల్లపొడి, దారి పొడుగునా బరువుతో మూలుగుతూ పోయే లారీలు. ఇటు సింగరేణి గనులు, అటు అశ్వాపురంలో భారజల కర్మాగారం, ఆ పైన అడవి, గోదావరి. దసరాకు సింగరేణివారు కార్మికులకు లాభాల్లో వాటా పంచినప్పుడు బజారు కళకళలాడుతుంది. అందాకా ఎన్నో ఇళ్ళు దుకాణంలో అరువు పద్దు మీదనే నడుస్తాయి. అందుకే కాబోలు, అక్కడ 'ఖాతా' అన్న మాటకు పట్నంలో లేని గౌరవం వున్నది.

నేను వెళ్ళేసరికి బావగారు వరండాలో పడక కుర్చీలో కూర్చుని, ఒక చేత కత్తెర, మరో చేత ఒక కార్డు పట్టుకుని దీర్ఘాలోచనలో వున్నారు. ఆయన లెక్కల మాష్టారుగా రిటైరై ఆరేళ్ళయింది.

"ఏమిటి బావగారూ, క్షవరం ఎవరికి?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "దీనికేనోయ్! చచ్చిన కార్డును ముక్కలు చెయ్యాలట. ఎందుకు చచ్చిందో తెలిస్తే గాని నాకు కత్తెర ఆడటం లేదు" అన్నారు.

జరిగినది ఇది. అంతకు పదిరోజుల ముందు ఒక శనివారం రాత్రి అక్కయ్యకు కడుపులో విపరీతమైన నొప్పి వచ్చింది. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని పాల్వంచ, కొత్తగూడెం మీదుగా ఖమ్మం తీసుకువెళ్ళారు. పిత్తాశయంలో రాళ్ళనీ, ఆపరేషను చెయ్యాలనీ, ముందుగా నలభైవేలు కట్టమనీ ఆస్పత్రివారు చెప్పారు. బావగారికి డబ్బు లేకపోలేదు. వున్నదంతా ఫిక్సెడు డిపాజిట్టులో వున్నది. ఆనాడు ఆదివారం. చేతిలో వున్నది నెలాఖరు పెన్షను డబ్బు. అయినా ఆయన తొణకలేదు. ఇటువంటి రోజు కోసమే తొమ్మిదేళ్ళ క్రిందట తీసుకుని భద్రంగా దాచిన క్రెడిట్ కార్డు జేబులో వున్నది గదా!

కౌంటరులోని అమ్మాయి కార్డును మిషనులో పెట్టింది. చెల్లలేదు. తుడిచి మళ్ళీ పెట్టింది. మూడోసారి కూడా చెల్లకపోయేసరికి, "ఇది పనిచెయ్యటం లేదండీ. ఇంకో కార్డు వుందా?" అన్నది. ఆ అమ్మాయి మెల్లగానే అన్నదట. కాని వరుసలో వెనక నిలబడ్డవారందరూ తలలెత్తి చూశారు. "ముప్పయ్యయిదేళ్ళు బల్లముందు నిలబడి పిల్లలచేత లెక్కలు చెప్పించాను. ఆవేళ నేను లెక్క రాని పిల్లవాడిలా నిలబడ్డాను" అన్నారు బావగారు.

చివరకు ఆదుకున్నది ఎవరనుకున్నారు? మణుగూరులో వీళ్ళు ఇరవయ్యేళ్ళుగా వెచ్చాలు తెచ్చుకునే కిరాణా షావుకారు! ఫోను చేస్తే, "అమ్మగారికి ఎట్లా వుందండీ?" అని మాత్రం అడిగాడు. అయిదు నిమిషాల్లో ఫోనులోనే నలభైవేలూ పంపాడు. మధ్యాహ్నానికల్లా ఆపరేషను అయింది. అక్కయ్య ఇప్పుడు కులాసాగా వున్నది.

ఇంటికి రాగానే బావగారు బాంకు వారికి ఫోను చేశారు. ఏ బాంకు అన్నది మనకు అనవసరం. ఒక్క నొక్కి, రెండు నొక్కి, పాట విని, ఇరవై నిమిషాల తరవాత ఒక కుర్రవాడు పలికాడు. "మీ ఖాతా మూసివేశామండీ" అన్నాడు. ఎందుకంటే, "మా అంతర్గత విధానం ప్రకారం" అన్నాడు. ఆ విధానం ఏమిటంటే, "అది చెప్పటానికి వీలులేదండీ" అన్నాడు. ఇంకా ఏమైనా సహాయం కావాలా అని వినయంగా అడిగి, ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రి నుంచీ బావగారికి నిద్ర లేదు. పైసా బాకీ లేదు, గడువు తప్పిందీ లేదు. మరి తనలో వాళ్ళు చూసిన లోపమేమిటి? ఎవరైనా తన పేరుమీద మోసం చేశారా? అక్కయ్య కూడా నాతో రహస్యంగా, "మీ బావ నాకు తెలియకుండా ఎవరికన్నా హామీ ఉన్నారేమోరా?" అన్నది. చూశారా! కారణం చెప్పకపోతే ఆ ఖాళీని అనుమానం నింపుతుంది. అదీ పరాయివాళ్ళ అనుమానం కాదు, ఇంట్లోవాళ్ళ అనుమానం.

మన భాషలో 'పరపతి' అని చక్కని మాట ఒకటి వున్నది. అప్పు పుట్టటమూ పరపతే, నలుగురిలో మాట చెల్లటమూ పరపతే. పల్లెల్లోని సహకార పరపతి సంఘాల పేరులో వున్నది ఆ మాటే. ఒకటి పోతే రెండోది కూడా పోయినట్టు మనిషికి తోచటం అందువల్లనే.

ఈ కార్డు వ్యవహారం తెలుగువారికి నిన్న మొన్నటిది కాదు. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్బు వారు హోటలు భోజనాల కోసం కార్డు మొదలుపెట్టారు. మన దేశంలో బాంకులు 1980 ప్రాంతాన ఈ పనికి పూనుకున్నప్పుడు ముందువరుసలో వున్నవాటిలో ఆంధ్రా బాంకు ఒకటి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ బాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో కార్డు కావాలంటే మేనేజరు ఎదుట కూర్చోవాలి. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ముఖ పరిచయం వుండేది. ఇప్పుడు ఇచ్చేదీ యంత్రమే, తీసేసేదీ యంత్రమే.

బాంకుకు ఖాతా మూసే హక్కు లేదా అంటే, వున్నది. కార్డు తీసుకునేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ఆ సంగతి వుంటుంది. అరువు ఇవ్వటం మానుకునే స్వేచ్ఛ షావుకారుకు వున్నట్టే బాంకుకూ వున్నది. చిరునామా, గుర్తింపు కాగితాలు సకాలంలో సరిచూపించకపోయినా, ఇతర అప్పులు పెరిగినా, సొంత ఖర్చుల కార్డును వ్యాపారానికి వాడుతున్నారని తోచినా, అసలు వాడకపోయినా బాంకులు ఖాతాలు మూస్తుంటాయి. ఒక్క సందర్భంలో మౌనం వాళ్ళకు తప్పనిసరి కూడాను. అక్రమ ధన చలామణీ నిరోధానికి 2002లో చేసిన చట్టం కింద ఎవరి లావాదేవీలమీదనైనా అనుమానంతో ప్రభుత్వానికి నివేదిక పంపితే, ఆ సంగతి ఖాతాదారుకు పొక్కనివ్వకూడదు. దొంగను ముందే హెచ్చరించకూడదు గదా!

కాని నూటికి ఒకరి విషయంలో పాటించవలసిన మౌనాన్ని అందరిమీదా ప్రయోగిస్తే ఎట్లా? రిజర్వు బాంకు 2022లో కార్డుల గురించి వివరమైన ఆదేశాలు ఇచ్చింది. ఏడాదికి పైగా వాడని కార్డును మూసే ముందు ఖాతాదారుకు తెలియజెయ్యాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతేనే మూయాలి. మూసిన సంగతిని పరపతి సమాచార సంస్థలకు ముప్పై రోజుల్లోగా పంపాలి. ఖాతాలో మన డబ్బు ఏమైనా మిగిలివుంటే మన బాంకు ఖాతాకు జమ చెయ్యాలి. కార్డు మూయమని మనమే అడిగి, బాకీ లేకుండా వుంటే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలి. అసలు కార్డు ఇవ్వనంటే ఎందుకివ్వరో ఆ కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇంతవరకూ బాగానే వున్నది. ఇవ్వనప్పుడు కారణం చెప్పటం న్యాయమైతే, ఇచ్చినది లాగేసుకున్నప్పుడు చెప్పటం ఇంకెంత న్యాయం!

ఈ మాట ఇతర దేశాలవారికి మనకన్న ముందే తట్టింది. అమెరికాలో ఒకప్పుడు భర్త సంతకం లేనిదే ఆడవాళ్ళకు అప్పుగాని కార్డుగాని పుట్టేది కాదు. దానిమీద ఆందోళన జరిగి 1974లో సమాన రుణావకాశాల చట్టం వచ్చింది. 1976లో సవరణ జరిగాక, బాకీ పడని, వాడుకలో వున్న ఖాతాను మూస్తే ముప్పై రోజుల్లోగా కారణం చెప్పటమో, కారణం అడిగే హక్కు వున్నదని తెలపటమో విధి అయింది. ఆడవాళ్ళు తమకోసం సాధించుకున్నది అందరికీ అక్కరకు వచ్చింది. ఇంగ్లండులో నైజెల్ ఫరాజ్ అనే రాజకీయ నాయకుడి ఖాతాను కూట్స్ అనే పెద్ద బాంకు మూసివేసింది. తన గురించి బాంకు రాసుకున్న కాగితాలను ఆయన చట్ట ప్రకారం అడిగి తెప్పించుకున్నారు. అందులో ఆయన రాజకీయాభిప్రాయాల ప్రస్తావన కూడా వున్నట్టు అప్పుడుగాని బయటపడలేదు. ఆ గొడవలో పడి మాతృసంస్థ నాట్‌వెస్ట్ ముఖ్యాధికారిణి 2023 జూలైలో పదవి వదులుకున్నారు. ఆయన అభిప్రాయాలు మనకు నచ్చనక్కరలేదు. అడిగినవాడికే జవాబు దొరికింది, అదీ మనకు కావలసింది.

అందుకని బావగారితో, "కత్తెర పక్కన పెట్టి కలం తియ్యండి" అన్నాను. ఆయన లెక్కల మాష్టారు గదా, మూడే ప్రశ్నలు రాశారు. ఖాతా ఏ తేదీన మూశారు? ఏ కారణంచేత? ముందుగా నాకు ఎప్పుడు, ఎక్కడికి తెలియజేశారు? ఒక ప్రతి ఈమెయిలులోనూ, మరొకటి రిజిస్టరు పోస్టులోనూ బాంకు ఫిర్యాదుల అధికారికి పంపించారు.

పంతొమ్మిదో రోజున జవాబు వచ్చింది. పద్నాలుగు నెలలుగా కార్డు వాడలేదు కనక మూశామనీ, ముందుగా ఫోనుకు సందేశం పంపామనీ రాశారు. పంపినది ఏ నంబరుకు? మూడేళ్ళ క్రిందట బావగారు వదిలేసిన పాత నంబరుకు! కొత్త నంబరును పెన్షను వచ్చే బాంకులో ఇచ్చారుగాని, ఈ కార్డు సంగతి ఆయనకు గుర్తే లేదు. ఆ తప్పు తనదేనని ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "కాని చూడవోయ్, ఇందులో దాచవలసినది ఏమున్నది? 'మీరు వాడలేదండీ' అని ఆ కుర్రవాడు ఒక్క మాట అంటే నేను పది రాత్రులు నిద్రపోయేవాణ్ణి గదా!" అన్నారు ఫోనులో. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

వాడకుండా జాగ్రత్తపడటమే ఆ కార్డుకు ముప్పు తెచ్చింది. కష్టకాలానికని అక్కయ్య దాన్ని బీరువాలో పెళ్ళిపట్టుచీర మడతల్లో దాచిందట. "కట్టని పట్టుచీర మడతల దగ్గర చీకిపోతుందని నాకు తెలుసురా. కార్డు కూడా అంతేనని ఎవరు చెప్పారు?" అన్నది.

కాబట్టి, మీ ఇంట్లో కూడా అట్లా మడతల్లో దాచిన కార్డు వుంటే ఒకసారి బయటకు తియ్యండి. మూడు నాలుగు నెలలకొకసారి చిన్న వస్తువేదైనా కొని, గడువులోగా కట్టేస్తుండండి. ఫోను నంబరు, చిరునామా మారితే కార్డు ఇచ్చినవారికి కూడా చెప్పండి. కరెంటు బిల్లువంటివి నెలనెలా దానంతటదే కార్డునుంచి కట్టేట్టు పెట్టుకున్నవారు, కార్డు మూతపడితే ఆ బిల్లులూ ఆగిపోతాయని మరవవద్దు. కష్టకాలానికని ఒక్క కార్డునే నమ్ముకోకుండా, కొంత సొమ్ము ఆదివారం కూడా చేతికందే చోట వుంచండి.

ఇంత చేసినా ఖాతా మూసేస్తే సిగ్గుపడి ఊరుకోకండి. రాసి అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సమంజసంగా లేకపోయినా, రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. దేశానికంతటికీ కలిపి ఈ ఏర్పాటును 2021 నవంబరు 12న ప్రారంభించారు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. పరపతి సమాచార సంస్థలు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికొకసారి మన నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి, మూసిన ఖాతాలో బాకీ సున్న అని వున్నదో లేదో చూసుకోండి. రేపు పిల్లవాడి చదువుకో, ఇంటికో అప్పు కావలసివస్తే ముందుగా చూసేది ఆ కాగితమే.

బావగారు షావుకారు బాకీ ఆ వారంలోనే తీర్చేశారు. నేను కూడా వెంట వెళ్ళాను. అతను పద్దు పుస్తకం తెరిచి, వేలితో వరస వెతికి, నలభైవేల మీద అడ్డంగా గీత గీశాడు. పుస్తకం మావైపు తిప్పి, "కొట్టేశానండి మాష్టారూ, చూసుకోండి" అన్నాడు.

"నువ్వెప్పుడైనా ఎవరికైనా ఖాతా మూశావా?" అని అడిగాను.

"మూయకుండా వ్యాపారమెట్లా సాగుతుందండీ? కాని మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, ఇదీ కారణమని చెప్పి మూస్తాను. రేపు బజారులో ఎదురుపడాలి గదండీ!" అన్నాడు.