ఏ బాధా లేకుండా డాక్టరును ఎలా అడగను?

ప్రశ్న: నా వయసు 34. ఇద్దరు పిల్లలు. మావారు లారీ మీద నెలలో 20 రోజులు బయటే వుంటారు. అనుమానమని కాదుగాని, మనసులో ఏదో భయం. నాకు ఏ బాధా లేదు. అయినా పరీక్ష చేయించుకోవాలని వుంది. మా ఫామిలీ డాక్టరుగారు మా మామగారికి స్నేహితులు. ఆయన్ని ఎలా అడగను?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: బి.పి. చూడమని అడిగినట్టే అడగండమ్మా. "మావారు ఎక్కువగా బయట వుంటారు, సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకుందామని వచ్చాను" అంటే చాలు. ఆయన వేసే ప్రశ్నలు కొన్ని ఇబ్బందిగానే వుంటాయి. దాచకండి. ఏ పరీక్ష కావాలో తేల్చేది మీ జవాబులే.

బాధ లేదు కదా అని మీరు ఊరుకోకపోవడం మంచిది. ఆడవారిలో ఈ జబ్బులు చాలాసార్లు బయటికి తెలియవు. సిఫిలిస్ పుండుకు నొప్పి వుండదు. యోని లోపల వస్తే కంటికి కనబడదు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానింది పుండే, జబ్బు ఒంట్లోనే వుంటుంది. వి.డి.ఆర్.ఎల్. వంటి మామూలు రక్తపరీక్షతో పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజక్షనుతో నయమవుతుంది. గనేరియా, క్లమీడియా కూడా ఇంతే, గర్భనాళాలు మూసుకుపోయేదాకా తెలియకపోవచ్చు. హెచ్.ఐ.వి. అయితే సోకిన మూడు నెలలదాకా పరీక్షలో కనబడకపోవచ్చు. అందుకని ఒకసారి లేదన్నా, అవసరాన్నిబట్టి మళ్ళీ చేయిస్తారు.

ఇక మామగారి సంగతి. ఎంత స్నేహమున్నా మీ విషయం ఆయనకు చెప్పే హక్కు డాక్టరుకు లేదు. మీ అంగీకారం లేనిదే హెచ్.ఐ.వి. పరీక్ష చేయకూడదని, ఫలితం రహస్యంగా వుంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. నిజానికి డాక్టరు కంటే, కాంపౌండరు పక్కన చెవులు రిక్కించుకుని కూర్చునేవారితోనే చిక్కు! తలుపు వేయించి మాట్లాడండి. రిపోర్టు మీ చేతికే ఇమ్మనండి. అప్పటికీ ధైర్యం చాలకపోతే పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్షా క్లినిక్కులున్నాయి. పరీక్షలు, మందులు ఉచితం. 1097కు ఫోను చేస్తే దగ్గరలో ఎక్కడుందో చెబుతారు.

జబ్బు తేలితే మాత్రం మీవారికీ చికిత్స జరగాలి. ఒక్కరే మందు వాడితే అది మళ్ళీ మీకే వస్తుంది. అంతవరకు నిరోధ్ తప్పనిసరి. ఆయనతో ఎలా చెప్పాలో తోచకపోతే, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పమని డాక్టరునే అడగవచ్చు.

వెళ్ళినప్పుడే హెపటైటిస్ బి టీకా గురించి కూడా అడగండి. మూడు మోతాదులు. 30 దాటారు కనుక గర్భాశయ ముఖద్వారం కాన్సరు పరీక్ష కూడా చేయించుకోవాలి. వెనిగర్‌లో వుండే ఆమ్లమే పలచగా పూసి, తెల్లమచ్చలు వస్తాయేమో చూస్తారు. కొద్ది నిమిషాల పని, కోత వుండదు. అయిదేళ్ళకొకసారి చాలు. బహిష్టు రోజుల్లో చేయరు, అవి గడిచాక వెళ్ళండి.