కింది లెక్క మన చేతికి రావాలి

లెక్క పుస్తకం ఎవని చేతిలో ఉంటే కూలోడు వాని చేతిలో ఉంటాడు. అనంతపురం కరువు నేల మీద ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పే పనిలేదు. బుడ్డలు పండని ఏడాది షావుకారు దగ్గర అప్పు తెచ్చి, ఏం రాశాడో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసిన తాతల మనవళ్లం మనం.

ఇప్పుడా పుస్తకం కంప్యూటర్లోకి పోయింది. 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పుడు హాజరు మస్టర్ కాగితం మీద పడేది. 2023 జనవరి నుంచి పని దగ్గరే ఫోటో తీసి ఫోన్లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. రేషన్ అంగట్లోనూ వేలు పెట్టే మిషన్ వచ్చింది. తేడా వస్తే ఒకటే జవాబు: 'మిషన్ ఒప్పుకోలేదమ్మా!' ఆ మాట విని మన అవ్వలు ఖాళీ సంచితో తిరిగొస్తారు.

మిషన్‌కు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తెలియదు. ఎవరో మనిషి రాసిన ఆజ్ఞను అది చేస్తుంది, అంతే. ఆ ఆజ్ఞ మిషన్ కడుపులోకి ఎట్లా దిగుతుందో చెప్పే చదువే కంప్యూటర్ ఆర్కిటెక్చర్. ఆ కడుపుతో దాని భాషలోనే మాట్లాడడం అసెంబ్లీ లాంగ్వేజ్. ఇంజనీరింగ్‌కు పోయిన మన పిల్లలు ఎక్కువ భయపడే పేపర్లలో ఇదొకటి. భయపడి వదిలేయకూడని పేపరు కూడా ఇదే అని మేమంటాం.

చదువుకోని వాళ్లకూ అర్థమయ్యేట్టు చెబుతాం. కాలేజీల్లో ఎన్నో ఏళ్లు పాఠంగా చెప్పిన 8085 అనే చిప్పును తీసుకోండి. దాని జ్ఞాపకం ఒక పెద్ద వాడ లాంటిది. 65,536 ఇళ్లు, ప్రతి ఇంటికీ ఒక నంబరు. చిప్పు లోపల రిజిస్టర్లని కొన్ని చిన్న గదులుంటాయి. లెక్క జరిగేది అక్కడే. 'బి గదిలో ఉన్నది కలుపు' అనే ఆజ్ఞకు అంకె 80. 'ఆగిపో' అనే ఆజ్ఞకు 76. ఆజ్ఞలు కూడా అంకెలుగానే ఆ ఇళ్లలో కూర్చుంటాయి. చిప్పు ఒక్కో ఇంటికీ పోయి, ఆజ్ఞ తెచ్చుకుని, ఏమిటో తెలుసుకుని, చేసి, తరువాతి ఇంటికి పోతుంది. ఎంత పెద్ద కంప్యూటరైనా అడుగున చేసే పని ఇట్లాంటిదే.

ఇప్పుడు కూలి లెక్క చూడండి. అమ్మ కూలి 200, పిల్ల కూలి 100. కలిపితే 300. కానీ ఆ గదిలో 255 కంటే పెద్ద అంకె పట్టదు. 300 వేయబోతే గదిలో 44 మాత్రమే మిగులుతుంది. తక్కిన 256 ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పక్కన క్యారీ ఫ్లాగ్ అనే చిన్న గుర్తు లేస్తుంది. 'ఇక్కడ పట్టలేదు, ఒకటి పైకి పోయింది' అని మిషన్ నిజమే చెబుతుంది. ఆ గుర్తు చూడడం తెలిసినోడు 300 అంటాడు. తెలియనోడు 44 తీసుకుని దండం పెట్టి ఇంటికి పోతాడు.

ఈ చదువు ఎందుకు కావాలో ఈ ఒక్క లెక్కలో ఉంది. మిషన్ అబద్ధం చెప్పలేదు. అడుగున చూసేవాడు లేకపోవడం వల్ల కూలి పోయింది.

మరి చదువు మన గడప దగ్గర లేదా? ఉంది. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1948లో అనంతపురం వచ్చింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం విడి యూనివర్సిటీ అయింది. తరువాత ప్రైవేటు కాలేజీలూ లేచాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల వాడల పిల్లలు వాటిల్లోకి అడుగు పెట్టగలిగారు. కానీ గేటు దాటినంత మాత్రాన చదువు చేతికి రాదు. పేర్లెందుకు గానీ, మేం తిరిగిన కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ల్యాబు కిట్లు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లకు ఇంగ్లీషులో పాఠం గబగబా చదివేస్తారు. అర్థం కాలేదంటే 'రిజర్వేషన్ బ్యాచ్' అని వెనక నవ్వు. పిల్ల గైడు కొని, ప్రోగ్రాం బట్టీ కొట్టి, పరీక్షలో దింపి వస్తుంది. పాసవుతుంది. క్యారీ ఫ్లాగ్ ఏమిటో మాత్రం తెలియదు.

'ఇప్పుడు అసెంబ్లీ ఎవరు రాస్తారన్నా? నాలుగు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది కదా' అని మన తమ్ముళ్లే అడుగుతున్నారు. కోర్సు చేయొద్దని మేమనడం లేదు. ఇంట్లో అప్పుంది, ఉద్యోగం కావాలి. కానీ పైపై కోర్సు ఏటా మారుతుంది, అడుగు చదువు అంత తొందరగా మారదు. మనం వలస కూలికి పోయే బెంగళూరులోనే 1985 నుంచి చిప్పుల డిజైన్ పని జరుగుతోంది. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఒక్కో కారులో పదుల కొద్దీ చిన్న కంప్యూటర్లుంటాయి. ఆ పనులకు ఈ అడుగు చదువే కావాలి. కట్టడంలో ఇటుకలు మోసే పని మనది, ప్లాను గీసే పని వేరేవాళ్లదీ అనే పాత పద్ధతి చిప్పుల్లోనూ సాగనిద్దామా?

ఇంకో మంచి కబురు. చిప్పుల ఆజ్ఞల భాషలు చాలా కాలం కంపెనీల సొంత బావులు. 2010లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో రిస్క్-ఫైవ్ అనే భాష మొదలుపెట్టి, తరువాత అందరికీ తెరిచారు. అది ఊరుమ్మడి బావి, ఎవరైనా తోడుకోవచ్చు. మద్రాసు ఐఐటీ వాళ్లు దాని మీదే 'శక్తి' చిప్పులు చేశారు. దాన్ని నేర్చుకునే ఉచిత ప్రోగ్రాములు పాత కంప్యూటర్లోనూ నడుస్తాయి. బీరువా తాళం కోసం కాచుకునే పనిలేదు.

అందుకని మేం అడిగేవి ఇవి. ఒకటి, ల్యాబులు సాయంత్రం పూట, ఆదివారం తెరవాలి. హాస్టల్ పిల్లలకు ఇంట్లో కంప్యూటర్ ఉండదు. రెండు, మొదటి ఏడాది పాఠాన్ని తెలుగులో కూడా విడమరిచి చెప్పాలి. రిజిస్టరును రిజిస్టరనే అనండి, అదేం చేస్తుందో మాత్రం మన మాటల్లో చెప్పండి. మూడు, ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒక కంప్యూటర్ రాత్రి చదువుకు ఇవ్వాలి.

సర్కారును అడిగేది అడుగుదాం. మనం చేయాల్సింది కూడా ఉంది. ఈ పేపరు పాసైన ప్రతి అన్నా, ప్రతి అక్కా నెలకు ఒక్క ఆదివారం హాస్టలుకు పోండి. బల్ల మీద సుద్దతో గదులు గీయండి. 200, 100 కలిపించండి. 44 వచ్చినప్పుడు పిల్లలు 'తప్పు!' అని అరుస్తారు. తక్కిన 256 ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి.

జై భీమ్!