ముందు అరకు, తర్వాతే రుషికొండ

కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ తాగుతూ వేసిన ప్లాన్: శనివారం పొద్దున్న రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం బండ్ల మీద అరకు. సూపరే గానీ, వరసే తప్పు! నీళ్ల అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. వెంటనే ఎత్తుకి వెళ్తే, సోడా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులు, ముదిరితే పక్షవాతం. లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువే, కానీ సున్నా కాదు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు మరి. అందుకే శనివారం అరకు, ఆదివారం స్కూబా.

అండమాన్ వెళ్లినా ఇదే లెక్క. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రోజూ చేస్తే 18 గంటలు ఆగాకే ఫ్లైట్. ఆఖరి రోజు డైవ్ పెట్టుకోకండి. ఓడలో విశాఖ తిరిగొస్తే ఈ గొడవే లేదు, కాకపోతే రెండు రోజులకు పైగా సముద్రం మీదే!