మొక్కకి కావాల్సింది హస్తవాసి కాదు

పీస్ లిల్లీకి నాలుగు ఆకులు పసుపురంగుకి తిరిగితే చాలు, ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. "నీ చేతికి మొక్కలు అచ్చిరావులే!" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బండి ఆగిపోతే పెట్రోలుందా, ప్లగ్గు బాగుందా అని చూస్తారు గానీ, నడిపినాయన చెయ్యి మంచిది కాదని ఎవరూ అనరు. మొక్క వాడితే మాత్రం ఇల్లాలి చెయ్యే గుర్తొస్తుంది.

"అబ్బే, ఊరికే సరదాకి అంటారు" అంటారేమో. సరదా మాటే అయినా, అది వెతుకులాటని అక్కడితో ఆపేస్తుంది. తప్పు చేతిదని తేలాక ఇక వేరుని ఎవరు చూస్తారు? ఆ మాట పడలేక మనం చేసేదేమిటి? ఇంకో చెంబు నీళ్ళు పోస్తాం. కాఫీ పిప్పి, పులిసిన మజ్జిగ, ఎవరో చెప్పిన ఎప్సమ్ సాల్ట్, అన్నీ ఆ కుండీలోకే. జ్వరమో అజీర్తో తెలియకుండా పిల్లాడికి ఇన్ని మందులు మింగిస్తామా?

పేరులో లిల్లీ ఉన్నా ఇది లిల్లీ కాదండీ. మన చేమ, కందల కుటుంబం. అందుకే ఆకు నమిలితే నోరు దురద, మంట, పసిపిల్లలకి అందనివ్వకండి. అడవిలో పెద్దచెట్ల నీడన పెరిగే జాతి. ఆ సంగతి తెలిస్తే సగం జబ్బులు అర్థమవుతాయి.

అడుగున ముసలి ఆకు ఒకటి పండితే అది జబ్బే కాదు, వయసు. ఒక్కసారిగా చాలా ఆకులు పసుపెక్కి, మట్టి తడిగా ఉంటే వేర్లు కుళ్ళుతున్నట్టు. నీళ్ళు చాలకపోయినా తలవాలుస్తుంది, ఎక్కువైనా వాలుస్తుంది. అందుకే చెంబు ఎత్తే ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడి తగిలితే పొయ్యొద్దు. కుళ్ళు అనుమానమైతే మొక్కని బయటికి తీసి, గోధుమరంగులో మెత్తబడ్డ వేర్లు కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచి, అడుగున చిల్లులున్న కుండీలో కొత్త మట్టితో నాటాలి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకూడదు.

ఆకు కొసలు మాత్రమే గోధుమరంగులో ఎండితే చాలాసార్లు నీళ్ళలోని ఉప్పులు కారణం, లేదా ఎరువు ఎక్కువైంది. బోరు నీళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. నీళ్ళు వృథా కాకూడదని వాటర్ ప్యూరిఫయర్ వదిలే నీళ్ళు మొక్కలకి పోస్తుంటాం. వడకట్టిన ఉప్పులన్నీ చేరేది ఆ నీళ్ళలోనే! ఈ మొక్కకి వాననీళ్ళు మేలు. అవే దండిగా పోసి, అడుగునుంచి కారిపోనిస్తే మట్టిలో పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. ఎరువు కొన్నాళ్ళు ఆపాలి.

బాల్కనీ ఎండ నేరుగా తగిలితే ఆకు పాలిపోయి మచ్చలుగా మాడుతుంది. వెలుతురుండే నీడకి జరిపితే చాలు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు కొత్త ఆకుల్లో కనిపిస్తే ఇనుము లోపం, పాత ఆకుల్లో అయితే మెగ్నీషియం లోపం. ఎప్సమ్ సాల్ట్ పని ఈ రెండోదానికే, లీటరు నీళ్ళకి అర చెంచా.

పసుపైన ఆకు మళ్ళీ పచ్చబడదు. మొదలుదాకా కత్తిరించి, కొత్త ఆకు ఎలా వస్తోందో చూడండి. వైద్యం ఫలించిందో లేదో అదే చెబుతుంది.

ఇంకో సంగతి. "ఆవిడ చెయ్యి పడితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుంది" అనే మెచ్చుకోలు కూడా నాకు నచ్చదు. ఆవిడ రోజూ మట్టి తాకి చూస్తుంది, ఆకు తిప్పి చూస్తుంది. అది నేర్చుకున్న పని. దాన్ని అదృష్టం ఖాతాలో వేస్తే ఆవిడకి దక్కాల్సింది దక్కదు, పక్కింటావిడకి నేర్చుకునే దారీ ఉండదు.

ఈసారెవరైనా మీ చేతిని తప్పుపడితే, "మట్టిలో వేలు పెట్టి చూశారా?" అని అడగండి. చూడకపోతే తీర్పు చెప్పే హక్కు వాళ్ళకి లేదు.