బారాఖంబా సిగ్నల్ దగ్గర

1997 మార్చి 31న పట్పర్‌గంజ్ నుంచి ఒక నీలం మారుతి ఎస్టీమ్ వెంటపడిన ఢిల్లీ క్రైమ్ బ్రాంచ్ బృందం, బారాఖంబా రోడ్డు సిగ్నల్ దగ్గర కారు ఆగగానే చుట్టుముట్టి కాల్చింది. లోపలున్నది యాసీన్ అనే నేరస్థుడని వాళ్ల లెక్క. చనిపోయింది ఇద్దరు వ్యాపారులు. మూడో మనిషి గాయాలతో బయటపడ్డాడు. ముందు కారులోంచే కాల్పులొచ్చాయని, పిస్తోలు కూడా దొరికిందని పోలీసులు చెప్పారు. ఆ పిస్తోలు వాళ్లు పెట్టిందేనని సీబీఐ దర్యాప్తులో తేలింది. ఏసీపీ ఎస్.ఎస్. రాఠీతో సహా పదిమందికి 2007లో యావజ్జీవం పడింది. సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2011 వచ్చింది.

ఆ కాల్పులకు రెండు రోజుల ముందే, మార్చి 29న, జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ మరణాన్ని నమోదు చేసి దర్యాప్తు జరపాలి. కాల్చింది కేసు నమోదు చేసిన స్టేషన్ వాళ్లే అయితే సీఐడీ వంటి వేరే సంస్థకు అప్పగించాలి అన్నది అందులోని మాట. ఆ లేఖ వెనక ఉన్నది ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదు. ఢిల్లీ తెలుగువాళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఇంతకీ కారులో నిజంగా యాసీనే ఉంటే? పిస్తోలు సంగతి ఎవరూ ఆరా తీసేవారు కాదని మా అనుమానం. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో అదే చూశాం. అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు చనిపోయారు, పోలీసులపై పూలు చల్లారు, మన వాట్సాప్ గ్రూపుల్లోనూ శభాష్‌లు మోగాయి. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. పూలు చల్లినవాళ్లలో ఎందరు అది చదివారో!

ఎన్‌కౌంటర్ మరణాలపై సుప్రీంకోర్టు 2014లోనే పదహారు మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. అనుమానం తీరేదాకా పతకాలు, పదోన్నతులు ఇవ్వకూడదు. ఇవన్నీ తూటా పేలాక పనికొచ్చేవి. పేలకముందు అక్కరకొచ్చేది శిక్షణ. ఆగిన బండిని దిగ్బంధించడం, దిగమని హెచ్చరించడం, మనిషిని గుర్తుపట్టాకే ట్రిగ్గర్ మీద వేలు వెయ్యడం సాధనతో వచ్చే పనులు. ఝరోదా కలాన్‌లోని పోలీస్ అకాడమీలో బారాఖంబా కేసును ప్రతి బ్యాచ్‌కీ పాఠంగా చెప్పాలని మా కోరిక.

మన సభ్యుల్లో న్యాయవాదులున్నారు, పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లూ ఉన్నారు. మార్గదర్శకాలు స్టేషన్ స్థాయిలో ఎలా అమలవుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.