ఒంటికన్ను యుద్ధం

గుర్రానికి ఒక్కటే కన్ను. కళ్లెం పట్టుకుని నడుస్తున్న పనివాడికీ ఒక్కటే కన్ను. వెనకాలే వస్తున్న కుక్కకీ అంతే. ఆ గుర్రం మీద పుట్టింటికి తిరిగొస్తున్న మార్గరెట్ మెక్లౌడ్‌కీ మిగిలింది ఒక్క కన్నే!

స్కాట్లండ్‌లోని స్కై దీవిలో నాలుగొందల ఏళ్ల నాటి కథ ఇది. అక్కడ రెండు పెద్ద వంశాలు... డన్వేగన్ కోటలో మెక్లౌడ్‌లు, ట్రాటర్నిష్ ప్రాంతంలో మెక్‌డొనాల్డ్‌లు. ట్రాటర్నిష్ భూములు మావంటే మావని తరతరాలుగా కొట్టుకునేవాళ్లు. చివరికి వియ్యమందారు. మెక్లౌడ్‌ల నాయకుడు రోరీ మోర్ తన తోబుట్టువు మార్గరెట్‌ని మెక్‌డొనాల్డ్‌ల నాయకుడు డొనాల్డ్ గోర్మ్‌కి ఇచ్చాడు.

అప్పట్లో అక్కడ 'చేతులు కలపడం' అనే పద్ధతి ఉండేదట. ఏడాది మీద ఒకరోజు కాపురం చేశాక, కుదరకపోతే ఎవరిదారి వాళ్లది. ఆ ఏడాదిలోనే మార్గరెట్‌కి ఓ కన్ను పోయిందట. గడువు తీరగానే డొనాల్డ్ ఆమెని అలా ఊరేగింపుగా సాగనంపి, మెకంజీల ఆడపడుచుని చేసుకున్నాడు.

గుర్రం, కుక్క... జనం నోట పెరిగిన కథే కావచ్చు. కానీ భార్యని వదిలేయడం, ఏలుకోమని రోరీ అడిగినా వినకపోవడం, ఆపైన పారిన నెత్తురు మాత్రం చరిత్రే. రోరీ ట్రాటర్నిష్‌ని తగలబెట్టాడు. డొనాల్డ్ మనుషులు హారిస్ మీద పడి పశువుల్ని తోలుకుపోయారు. తిండి దొరక్క జనం గుర్రాల్నీ కుక్కల్నీ పిల్లుల్నీ తిన్నారని 17వ శతాబ్దంలో సర్ రాబర్ట్ గోర్డన్ రాశాడు. 1601లో క్యూలిన్ కొండల నడుమ, కోరీ నా క్రీచ్ అనే చోట మెక్లౌడ్‌లు ఓడిపోయారు. ఆ పేరుకి అర్థం కొల్లసొమ్ము లోయ! అప్పుడు జేమ్స్ రాజు ప్రీవీ కౌన్సిల్ కల్పించుకుని కత్తులు దింపించింది. స్కైలో వంశాల మధ్య జరిగిన చివరి యుద్ధం అదేనంటారు.

రాజీ కుదిరాక డన్వేగన్ కోటలో విందు. నిన్నటి శత్రువులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగారు. పరువు దక్కింది, పగ తీరింది. పోరుకి మాత్రం 'ఒంటికన్ను ఆడమనిషి యుద్ధం' అన్న పేరు మిగిలింది.

కయ్యం ఆపడానికి మార్గరెట్‌ని ఇచ్చారు. కయ్యం మొదలయ్యాక కారణం ఆమేనన్నారు. ఈ రెండుసార్లలో ఎప్పుడైనా ఎవరైనా 'నీకేం కావాలమ్మా?' అని అడిగినట్టు ఆ కథలో ఎక్కడా లేదు.